గాజు గ్లాసులో చింతపులుసు

వానను నమ్ముకుని అప్పు చేయడం, వాన రాకపోతే బెంగుళూరు పోయి ఆ అప్పు తీర్చడం: కంబదూరు మెట్ట మీద ఈ వరస కొత్తది కాదు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా శెనక్కాయ ఊడలు దిగే వేళకు పడక, కాయ పీకి కుప్పవేసిన వేళకు పడుతుంది. పంట పోయిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. ఒక తరం మట్టి పనికి, సిమెంటు పనికి పోయింది. ఆ తరం పిల్లలు ఇప్పుడు హోటళ్లలోకి పోతున్నారు. కొందరు గిన్నెలు తోముతారు, కొందరు వడ్డిస్తారు, చెయ్యి తిరిగినవాళ్లు బార్ బల్ల వెనక నిలబడి గ్లాసులు కలుపుతారు.

అలా పోయిన ఒక కుర్రవాడికీ, ఊళ్లో ఉన్న అతని మేనత్తకూ మధ్య వాదన ఇది. పేర్లు పెట్టలేదు. ఒక్క ఇంటి మాటలు కావు గనక, ఈ పల్లెల మనుషులు అనగల మాటలను నేనే ఇద్దరి నోట కూర్చాను. అత్త చింతకాయ కొట్టి, గింజ తీసి, పండు అమ్ముతుంది. సారా మీద ఆడవాళ్లు లేచిన రోజుల్లో ఆమె కొత్త కోడలు. అల్లుడు బెంగుళూరులో ఒక ఖరీదైన రెస్టారెంటులో పనిచేస్తాడు. అక్కడ మన వంటే పింగాణీ పళ్లెంలో వస్తుంది, మన మసాలా దినుసులే కాక్‌టెయిల్లో పడతాయి. ఈసారి అతను చింతపండు బేరం కూడా పెట్టుకుని వచ్చాడు.

అత్త: మీ ఓటల్లో చింతపండుతో ఏం జేస్తారప్పా? పులుసా, చారా?

అల్లుడు: గ్లాసులో పోస్తామత్తా. పండు నానేసి, పిసికి, బెల్లం పాకంలో కలిపి, సన్నగుడ్డలో వడగడతాం. కాల్చిన ఎండు మిరక్కాయ వాసన పట్టిస్తాం. పైన ఒక్క కరేపాకు. అద్దం మాదిరి ఐసుగడ్డ.

అత్త: ఇంగేమీ కలపరా?

అల్లుడు: కలుపుతాం. రమ్ము, అరవై ఎమ్మెల్.

అత్త: అది ముందు జెప్పాల నువ్వు. సరే, ఎంతకమ్ముతారు?

అల్లుడు: ఎనిమిదొందలు.

అత్త: ఒక్క గ్లాసా! కాయ రాల్చి, ఎండబెట్టి, పెంకు వొలిచి, ఈనె లాగి, గింజ కొట్టి, కిలో పండు చేతికిస్తే మాకొచ్చేది దాంట్లో సగం గూడ ఉండదు. కిలో పండుకు ఎన్ని గ్లాసులైతాయి?

అల్లుడు: గ్లాసుకు ఇరవై గ్రాములేస్తాం. యాభై అవుతాయి.

అత్త: యాభై ఎనిమిదొందలు. నలభై వేలు.

అల్లుడు: అదంతా లాభం కాదత్తా. సరుకు ఖర్చు అయిదో వంతో నాలుగో వంతో ఉంటాది, దాంట్లో గూడ పెద్ద భాగం మందుదే. మిగిలింది బాడుగ, జీతాలు, కరెంటు, పగిలిన గ్లాసులు, బారుకు సీఎల్-9 లైసెన్సు. తిన్నదానికి జీఎస్టీ పడతాది. తాగినదానికి జీఎస్టీ లేదు, రాష్ట్రం వేసే పన్ను వేరే ఉండాది. ఒక్క బల్లకే రెండు లెక్కలు.

అత్త: బాడుగకు లెక్కుంది, పగిలిన గ్లాసుకు లెక్కుంది, సర్కారుకు రెండు లెక్కలుండాయి. గింజ తీసినోళ్లకు యాడుందప్పా లెక్క?

ఈ ప్రశ్న దగ్గర నేను అత్త పక్షమే. చింతపండు పని ఎలాంటిదో చూసినవాళ్లకు ఎందుకో తెలుస్తుంది. హిందూపురం మార్కెట్టు చింతపండుకు పేరున్న చోటు. అక్కడికి చేరే పండు వెనక ఇంటి అరుగుల మీద సుత్తి పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లున్నారు. పులుపుకు వేళ్ల చివర్లు చిట్లుతాయి, గోళ్ల సందులు మండుతాయి. కూలి తూకం మీద వస్తుంది. గింజ ఎక్కువున్న కాయ వాటాకు వస్తే ఆ రోజు కూలి తగ్గుతుంది. పొలంలో పని లేని నెలల్లో వచ్చే పని కాబట్టి, దొరికిన రేటుకే చేస్తారు. పెద్ద పట్నం బల్ల మీద రుచి గురించి ఎంతైనా చెబుతారు: ఏ రాష్ట్రం మిరియం, ఏ కొండ యాలక్కాయ అని. ఏ ఊరి ఆడవాళ్లు గింజ తీశారన్నది మెనూ కార్డులో ఉండదు.

అల్లుడు: నువ్వు ధర దగ్గరే నిలబడితివి. ఆడికొచ్చేటోళ్లు కడుపు నిండడానికి రారత్తా. రెండు గంటలు కూచుంటారు. ఒక్కో పళ్లెం వచ్చినప్పుడు అది యాడిదో, ఎట్ల జేసిందో మేము జెప్తాం. రాగిసంగటి పెడతాం. నాటుకోడి పులుసు పెడతాం. ఊరిబిండి పెడతాం. చిన్నప్పుడు టౌను బడికి సంగటి తీసుకపోతే మూత తెరవడానికి సిగ్గు. ఇప్పుడు అదే సంగటిని నేను తల ఎత్తి వడ్డిస్తాండా.

అత్త: సంగటి ఎంత పెడతారు?

అల్లుడు: నిమ్మకాయంత.

అత్త: ముద్ద పిడికిలంత ఉండాల. నమలగూడదు, పులుసులో అద్ది మింగాల. పొద్దున మింగితే మధ్యాన్నం దాకా సేద్యం జెయ్యాల. నిమ్మకాయంత పెడితే అది రుచి జూపిచ్చేది, అన్నం పెట్టేది కాదు.

అల్లుడు: రుచి చూపించేదానికే పెడతాం. రుచి చూపిస్తేనే పేరొస్తాది. న్యూయార్కులో సెమ్మ అని ఒక ఓటలుంది. 2021లో తెరిచినారు, మరుసటేడు మిషెలిన్ నక్షత్రమొచ్చింది. దాన్ని నడిపే షెఫ్ విజయ్ కుమార్ తమిళనాడు పల్లెటూరాయన. వరిమళ్లలో నత్తలేరి వండుకునే ఇంట్లో పెరిగినాడు. ఆ నత్తల కూరే న్యూయార్కులో పెట్టినాడు. 2025లో ఆయనకు జేమ్స్ బియర్డ్ బహుమతి ఇచ్చినారు, ఆ న్యూయార్కు రాష్ట్రానికే బెస్ట్ షెఫ్ అని. పేదోళ్ల కూడును పెద్ద బల్ల మీదికి తేవడం తప్పా?

అత్త: తప్పని నేనన్లేదు. నత్తలేరినాయనే వండినాడు, పేరూ ఆయన్దే అయింది. శానా సంతోషం. మీ ఓటల్లో సంగటి గెలికేది యెవరు? ఎసట్లో పిండి పోసి తెడ్డుతో గెలకడం తెలిసిన మనిషి ఉండాదా లోపల?

అల్లుడు: మన పావగడ దిక్కు అక్క ఒకామె ఉండాది.

అత్త: ఆమె పేరు కార్డు మీదుందా?

అల్లుడు: లేదు. షెఫ్ పేరుంటాది.

అత్త: అదే నేనడిగేది.

అల్లుడు: మన కూడుకు పేరు తెచ్చే పని ఇప్పుడిప్పుడే మొదలైందత్తా. ఒక్కసారిగా అన్నీ రావు. బెంగుళూరు రెసిడెన్సీ రోడ్డులో కరవళి 1990 నుంచి పడమటి కోస్తా ఇండ్ల వంటను పెద్దోటలు బల్ల మీద పెడతాంది. అదే రోడ్డులో నాగార్జున అరిటాకులో పప్పు, పొడి, నెయ్యి పెట్టి ఆంధ్రా భోజనానికి పేరు తెచ్చింది. అనంతపురం వంటకు మాత్రం అట్లాంటి చోటు యాడుంది? కొర్రలు చూడు. మన అవ్వలు తిన్నవి, తర్వాత శెనక్కాయొచ్చి చేన్లన్నీ అదే అయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమనింది. ఆ సెప్టెంబరులో ఢిల్లీలో జీ20 దేశాల పెద్దలకు రాష్ట్రపతి విందిచ్చినారు. మొదటి పళ్లెంలోనే కొర్రల పిండితో చేసిన కరకరలాడే ఆకులు పెట్టినారు, పైన పెరుగు, చట్నీ.

అత్త: కొర్రలా? ప్రపంచం పెద్దలకా? మంచిది. తాగనీకేమిచ్చినారు?

అల్లుడు: ఆ కార్డులో... కాశ్మీరు కహ్వా, ఫిల్టరు కాఫీ, డార్జిలింగ్ టీ.

అత్త: మందు?

అల్లుడు: ఆ కార్డులో లేదు.

అత్త: మందు లేకుండానే ఆ బల్ల గొప్పదైందా, లేదా?

అల్లుడు: అది సర్కారు విందత్తా. అమ్ముకుని బతకాల్సిన పని వాళ్లకు లేదు.

అత్త: అదీ నిజమే. అమ్ముకోవాలంటే మందు కావాలని నువ్వే అన్నట్టయింది.

ఇక్కడ అల్లుడి పక్షాన నిలబడి ఒక సంగతి చెప్పాలి. మసాలాతో మత్తు పానీయం కలపడం నిన్నటి పట్నం మోజు కాదు. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, మసాలా దినుసులు కలిపిన పంచ్ అనే పానీయాన్ని ఈస్టిండియా కంపెనీ మనుషులు ఈ దేశపు రేవుల్లో తాగేవారు. ఇంగ్లీషులో దాని పేరు దొరికే తొలి రాత 1632 నాటి ఉత్తరం. అది నిజాంపట్నం రేవులో (అప్పట్లో పెటపోలి అనేవారు) కాపురమున్న కంపెనీ వర్తకుడికి రాసినది. కాక్‌టెయిల్ చరిత్ర రాసేవాళ్లు పంచ్‌ను దాని పూర్వీకుల్లో లెక్కిస్తారు. అంటే మన అల్లుడు బెంగుళూరులో చేస్తున్న పనికి తొలి ఆనవాళ్లలో ఒకటి తెలుగు సముద్రతీరంలో ఉంది. ఖరీదైన భారతీయ రెస్టారెంటుకు కూడా ఇలాంటి పాత చుట్టరికమే ఉంది. లండన్‌లో 1926లో వీరాస్వామి అనే రెస్టారెంటు తెరిచిన ఎడ్వర్డ్ పామర్, హైదరాబాదులో వడ్డీ వ్యాపారపు కోఠీ నడిపిన పామర్ల వంశంవాడు. అంతకు ముందు నుంచే నిజాం అనే పేరు మీద మసాలా పొడులు అమ్మేవాడు.

అయితే ఆ రెండు చోట్లా కూర్చుని తాగినవాళ్లు, తిన్నవాళ్లు బయటివాళ్లు. మసాలా వారికి దూరదేశపు వింత. ఇవాళ బెంగుళూరులో, హైదరాబాదులో ఆ బల్లల ముందు కూర్చునేవాళ్లలో చాలామందికి రెండు తరాల వెనక ఇంట్లో రోలు ఉంది. అవ్వ చేతి పులుసును వాళ్లు ఎనిమిది వందలిచ్చి వెతుక్కుంటున్నారు. ఇందులో నవ్వవలసింది నాకేమీ కనబడదు. వాళ్లు నిజంగానే ఒకటి పోగొట్టుకున్నారు. అది దొరికే చోటు శ్రద్ధగా, అందంగా ఉండాలని కోరుకోవడం తప్పు కాదు. నా పట్టింపల్లా, ఆ వెతుకులాటలో కంబదూరుకు ఏమి దక్కుతుందన్నదే.

అత్త: ఆ మందు లేకుంటే మీ మసాలాకు రుచి రాదా?

అల్లుడు: దానికి కారణముందత్తా. మిరక్కాయలో కారమిచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు. ఆల్కహాలులో బాగా కరుగుతాది. లవంగం నూనె, యాలక్కాయ నూనె, మిరియం ఘాటు, అన్నీ అంతే. ఎండు మిరక్కాయ తుంచి మందులో పది నిమిషాలుంచితే చాలు, పావుగంట దాటితే గొంతు పట్టుకుంటాది. కరేపాకు ఎక్కువసేపు పెడితే పచ్చి వాసనొస్తాది. దేన్ని ఎంతసేపు ఉంచాల, ఎప్పుడు తీయాల, అదే మా విద్య.

అత్త: నీళ్లలో కరగదని నాకు తెలీదా? అందుకే గదా నూనెలో వేస్తాం. పోపు యాటికి పెడతాం మరి? ఆవాలు చిటపటమన్నాక మిరక్కాయ, అది రంగు మారేలోపల కరేపాకు, ఇంగువ. ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడు వాసన. ఏది ఎప్పుడు తీయాలన్న విద్య మీ బారులోనే పుట్టిందా?

అల్లుడు: లేదత్తా. నేను మా ట్రైనింగులో చెప్పిందీ అదే. మా అత్త పోపు దగ్గర నేర్చుకున్న లెక్కే ఇదని జెప్పినా. ఇంగొకటుంది విను. విస్కీలో కాగిన నెయ్యి పోసి, తిప్పి, ఫ్రీజర్లో పెడతాం. నెయ్యి గడ్డకట్టి పైకి తేలుతాది. దాన్ని తీసేస్తే నెయ్యి వాసన మందులో నిలబడతాది, జిడ్డు ఉండదు. చింతపులుపు వేసి పాలు విరిచి, ఆ విరుగుడులో నుంచి మందును వడగడితే నీళ్లలాగ తేటగా దిగుతాది. రంగు, ఒగరు విరుగుడుకు అంటుకునిపోతాయి.

అత్త: విరిగిన పాలలోనా? (నవ్వి) అది నాకు తెలీదు. ఆ విరుగుడు పారబోస్తారా?

అల్లుడు: పారబొయ్యం. బెల్లం కలిపి మిఠాయిలో వాడతారు.

అత్త: అది మంచి పని. నీ చేతిలో విద్య ఉందప్పా, నేను కాదన్ను. మీ నాయన సిమెంటు బస్తా మోసిన ఊళ్లో నువ్వు తెల్లచొక్కా వేసుకుని ఈ పని జేస్తాండావంటే నా కడుపు నిండుతాది. నా దుఃఖమంతా ఆ రమ్ము మీద.

అల్లుడు: జెప్పు.

అత్త: నేను కాపురానికొచ్చిన కొత్తల్లో సారా ప్యాకెట్లొచ్చేవి. ఊళ్లో తాగేనీళ్లకు బిందె పట్టుకుని మైలు నడవాల, ప్యాకెట్ మాత్రం గుడిసె ముందరికొచ్చేది. ముంగారు వాన పడి నాలుగు రోజులు కూలి దొరికితే నాలుగు రోజుల కూలీ అందులోనే పోయేది. 1992లో నెల్లూరు దిక్కు దూబగుంటలో ఆడోళ్లు సారా అంగడి మూయించినారని విన్నాం. రాత్రి బడిలో అచ్చరాలు నేర్చుకునేటోళ్లే చేసినారంట. ఆడ ముందు నిలబడిన రోశమ్మ పేరు అప్పుడే తెలిసె. మాకూ ధైర్యమొచ్చె. ప్యాకెట్ల మూట లాగి రోడ్డు మీద పోసినాం. మా ఆయన ఆ రాత్రి ఇంట్లోకి రానియ్యలేదు. మా అత్తే తలుపు తీసింది. 1993 అక్టోబరు ఒకటిన సారా ఆపినారు. 1995 జనవరిలో ముఖ్యమంత్రి రామారావు అన్ని మందులూ ఆపినాడు.

అల్లుడు: 1997లో మళ్లా తెరిచినారు. ఆపిన రోజుల్లో మాత్రం ఆగిందా అత్తా? మనకు కర్ణాటక యాడో దూరాన లేదు. రాత్రి పావగడ దిక్కు నుంచి సైకిళ్ల మీద రాలేదా? 2019 తర్వాత సర్కారే అంగళ్లు పెట్టి అమ్మినప్పుడు గూడ ఆ దిక్కు నుంచి చిన్న చిన్న డబ్బాల్లో రాలేదా? ఆపితే ఆగేది కాదది.

అత్త: వచ్చింది. నేనెందుకు అబద్ధమాడాల? దొంగగా వచ్చింది. దొంగగా తాగేటోడు రోజూ తాగలేడు. తాగినా భయముండేది, ధర ఎక్కువుండేది. ఆ రెండేండ్లలోనే నేను రెండు మేకలు కొన్యా. మీ అమ్మకు పెండ్లికి కమ్మలు పెట్టినా. నా లెక్క అది. సర్కారు లెక్క నాకు తెలీదు.

అల్లుడు: మా దగ్గరికొచ్చేటోళ్లు అట్లాంటోళ్లు కాదత్తా. రెండు గ్లాసులు తాగుతారు. పెండ్లాన్ని గూడ తోడుకొస్తారు. ఆమె గూడ తాగుతాది. మాట్లాడుకుంటారు, డ్రైవరుంటాడు, పోతారు. ఎవరైనా ఎక్కువ తాగితే నేనే ఇయ్యను. ఆ హక్కు నాకుండాది.

అత్త: డబ్బున్నోళ్ల ఇండ్లకు తలుపులు మందం. మా ఇండ్ల తలుపులు పల్చన, కాబట్టి మా ఏడుపు వీధికి వినపడింది. ఆడ ఏం జరుగుతాదో నీకెట్ల తెలుసు? నువ్వు కారు ఎక్కించి పంపేదాకా చూస్తావు.

అల్లుడు: ...అది నాకు తెలీదు.

అత్త: ఇంగొకటి. 2024లో కొత్త అంగళ్లు తెరిచి, క్వార్టరు తొంభై తొమ్మిది రూపాయలకు పెట్టినారు. దాన్ని తాగేటోన్ని తాగుబోతంటారు. మీ గ్లాసు ఎనిమిదొందలది తాగేటోన్ని రుచి తెలిసినోడంటారు. రెండింట్లో ఉండేది ఒకటే. దానికి నా చింతపండు పూసి గౌరవం దెస్తాండారు. నా పండుకు గౌరవం రావాలని నాకూ ఉండాది. నా పండు పోయి దానికి గౌరవం తేవడమే నాకొద్దు.

అల్లుడు: అట్లయితే ఒకటడుగుతా. ఈతచెట్టు కల్లు? జాతరలో సాకపోసేది? అదీ తప్పేనా?

అత్త: కల్లు గీసేటోడు మనూరోడు. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తాది, మరుసటిరోజుకు పనికిరాదు. దాన్ని ఎంత తాగినా ఇల్లమ్ముకున్నోన్ని నేను జూడలేదు. దేవరకు పోసేదాని గురించి నేను మాట్లాడను.

కల్లు గురించి ఆమె అన్నదంతా నేను ఒప్పుకోలేను. కల్లుతో కుటుంబాలు చితికిన ఊళ్లూ ఉన్నాయి. కానీ ఆమె వాదనలోని గట్టిదనం కల్లు దగ్గర లేదు, చింతపండు పూసి గౌరవం తేవడమన్న మాట దగ్గర ఉంది. అల్లుడు తన విద్య గురించి చెప్పిందంతా నిజమే. ఆ విద్యను నేను గౌరవిస్తాను. అయినా కాక్‌టెయిల్ కార్డు మీద ఒక కరువు సీమ రుచిని అందంగా వర్ణించి, ఆ సీమలో సారా చేసిన పనిని పక్కన పెట్టడం నాకు సరిపడదు. అల్లుడికి కూడా ఇది తెలియనిది కాదు. లేకపోతే ఈ తర్వాతి మాట చెప్పేవాడు కాదు.

అల్లుడు: మందు లేని గ్లాసులు గూడ చేస్తాండానత్తా. మొదట నిమ్మరసం, సోడా, అంతే ఉండేవి. పిల్లలకు, గర్భవతులకు, కారు నడిపేటోళ్లకు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు వేరే చేస్తాండా. మన రాగి అంబలిని రెండు రోజులు పులియబెట్టి, వడగట్టి, మిరియం, శొంఠి వేసి చల్లగా ఇస్తాండా. శ్రీరామనవమి పానకం ఉంది గదా, బెల్లం, మిరియాలు, యాలక్కాయలు. మంగళగిరి కొండ మీద స్వామికి పోస్తే సగం తాగి సగం మిగిలిస్తాడంటారే, అదే పానకం. దాన్ని చింతపులుపుతో చేసి, పొగ పట్టించి, అదే గాజు గ్లాసులో పోసినా.

అత్త: పానకంలో చింతపండా? నిమ్మకాయ పిండుతారు.

అల్లుడు: నిమ్మ పులుపు నాలుక మీద ఒక్క నిమిషమే. చింతపులుపు నిలబడతాది. మిరియం ఘాటు దిగిందాకా అది తోడుంటాది. తాగి చూడు ఒకసారి, తర్వాత తిట్టు.

అత్త: దాన్ని ఎంతకమ్ముతారు?

అల్లుడు: మూడొందల యాభై.

అత్త: పండు ఎంత పడతాది?

అల్లుడు: దాంట్లో ఎక్కువ పడతాది. ముప్పై గ్రాములు.

అత్త: పని?

అల్లుడు: పని గూడ ఎక్కువే. నానేసేది, వడగట్టేది, పొగ పట్టించేది.

అత్త: పండు ఎక్కువ, పని ఎక్కువ, ధర సగం కన్నా తక్కువ. అంటే వాళ్లు డబ్బిచ్చేది నా పండుకు కాదు, నీ పనికీ కాదు.

అల్లుడు: అది నేను గూడ మేనేజరును అడిగినా. మందు లేనిదానికి ఎనిమిదొందలంటే జనం కార్డు మూసేస్తారన్నాడు. మారుతాంది గానీ, నిదానంగా మారుతాంది. పొద్దున లేచి వ్యాయామం చేసే వయసోళ్లు మందు లేనిదే అడుగుతాండారు. దానికి మంచి గ్లాసు, మంచి పేరు, కార్డులో మొదటి పేజీ ఇస్తే ధర నిలబడతాదని నేనంటాండా. దానికి మన ఊరి పేరు పెట్టాలని గూడ అడిగినా.

అత్త: ఏమన్నాడు?

అల్లుడు: ఊరి పేరుకు ఒప్పుకున్నాడు. మొదటి పేజీకి ఒప్పుకోలేదు.

అత్త: ఊరి పేరు ఏ గ్లాసుకు? పానకానికా, రమ్ముకా?

అల్లుడు: రెండింటికీ అంటాడు.

అత్త: రెండింటికీ వద్దు. ఒకదానికే. సరే, బేరానికొచ్చినావు గదా, బేరం మాట్లాడు. ఎట్లాంటి పండు కావాల?

అల్లుడు: ఈ సీజను కొత్తపండు. ఎర్రగా ఉండేది. ఉప్పు చల్లనిది. ఉప్పు పడితే పాకం రుచి మారతాది.

అత్త: ఉప్పు లేకుంటే వానాకాలానికి పురుగు పడతాది. నల్లబడతాది గూడ.

అల్లుడు: మా దగ్గర కోల్డురూముంది. కొట్టిన వారంలోపల బస్సులో వేస్తే చాలు. ఈనె ఒక్కటి గూడ ఉండగూడదు.

అత్త: అంత నీటుగా కావాలంటే మనిషి రోజుకు కొట్టేది సగానికి పడిపోతాది. తూకం మీద కూలి ఇస్తే ఎవరూ ఒప్పుకోరు. రోజు కూలి ఇయ్యాల. మా సంఘంలో పదిమందిమి ఉండాం, మేమే కొడతాం. దళారి వద్దు. డబ్బు సంఘం ఖాతాలో పడాల.

అల్లుడు: అది నేను ఒప్పిస్తా. దళారికిచ్చే డబ్బు మిగుల్తాది గదా, దాన్ని రేటులో కలపమని జెప్తా.

అత్త: ఎంత కావాల?

అల్లుడు: నెలకు నలభై కిలోలు.

అత్త: పానకానికెంత?

అల్లుడు: పది.

అత్త: పది ఇస్తా. మిగిలిన ముప్పైకి నన్నడగాకు.

అల్లుడు: ముప్పై నువ్వియ్యకుంటే హిందూపురంలో కొంటారత్తా. రమ్ములో పడేది ఆగదు. ఆ పండు గూడ మన మాదిరి ఆడోళ్లే కొట్టింటారు, తక్కువ కూలికి. నీ సంఘం ఇస్తే పదిమందికి రోజుకూలన్నా వస్తాది.

అత్త: తెలుసు. సంఘంలో అడుగుతా. వాళ్లు ఇస్తామంటే ఇయ్యనీ, నేనడ్డం పడను. వాళ్లకూ పిల్లోళ్లుండారు, ఫీజులుండాయి. నా చేత్తో కొట్టింది మాత్రం ఆ పదిలోనే పడాల. మూట మీద వేరే గుర్తు వేస్తా.

అల్లుడు: గుర్తు చూసి నేను పానకానికే వాడతా.

అత్త: ఆ పావగడ అక్క పేరు గూడ కార్డులో రాయించు. సంగటి ఆమెది గదా. ఇంగ రేటు సంగతి. కిలోకు ఎంతిస్తాడో మీ మేనేజరు నోటితోనే చెప్పమను. ఫోను కలుపు.